గులేరు ఎవరి చేతిలో ఉండాలి?

రెండేళ్ల కింద, ఒంటిపూట బడులు మొదలైన వారంలో, మా బడి పిల్లల్ని పొద్దున్నే ఊరి చెరువు కట్ట మీదికి తీసుకుపోయాను. మాది కొత్తగూడెం నుంచి కిన్నెరసాని వైపు పోయే దారిలో, రోడ్డుకు లోపలగా ఉన్న చిన్న కోయ గూడెం. పరిసరాల విజ్ఞానంలో పక్షుల పాఠం ఉంది. పుస్తకంలో బొమ్మలు చూపించే కన్నా చెరువు దగ్గర చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుందని అనుకున్నాను.

మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. కట్ట మీది బూరుగు చెట్టు నిండా గోరింకలు, పికిలిపిట్టలు, ఏట్రింతలు. చెరువులో నీళ్లు సగానికి తగ్గి బురద తేలింది. అందులో తెల్లకొంగలు, నత్తలు ఏరుకునే పెద్ద కొంగలు నడుస్తున్నాయి. మోడు మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. లకుముకిపిట్ట ఒకటి నీళ్ల మీద ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, రాయిలా కిందికి పడి చేపతో లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఎవరికి ఏ పిట్ట కనబడితే అది నోటుబుక్కులో రాయండి. తెలుగు పేరు తెలియకపోతే కోయ పేరు రాయండి. ఎక్కువ రాసినవాళ్లకు పెన్ను" అన్నాను.

అరగంట తర్వాత నాలుగో తరగతి పిల్లవాడు చేతులు వెనక్కి పెట్టుకొని వచ్చాడు. "సార్, నేను రాయలే. తెచ్చిన" అని చేయి ముందుకు చాపాడు. అరచేతిలో గువ్వ. ఇంకా వెచ్చగా ఉంది. ముక్కు దగ్గర ఒక నెత్తురు చుక్క. పిల్లవాడి మొహం వెలిగిపోతోంది. అందరూ దూరం నుంచి చూసిందాన్ని వాడు సారుకు దగ్గర నుంచి చూపిస్తున్నాడు. వాడు దాన్ని నాకు కానుకగా తెచ్చాడు.

నేను వాడి మెడలో ఉన్న గులేరు గుంజి చెరువులోకి విసిరేశాను. "చూసి రమ్మంటే చంపుకొస్తావా?" అని అందరి ముందు అరిచాను. వాడు ఏడవలేదు. గువ్వను చొక్కా మడతలో పెట్టుకొని చెట్టు కింద ఒక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత ఏ పిల్లవాడూ నోటుబుక్కు తెరవలేదు.

సాయంత్రం వాడి తాత మా ఇంటికి వచ్చాడు. మా గట్టు లెక్కన నాకు మామ వరుస. మంచినీళ్లు అడిగి తాగి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అల్లుడూ, ఆ గులేరు కర్ర నేను చెక్కి ఇచ్చిన. చెరువుల ఏసినవంట."

"వాడు పక్షిని చంపాడు మామా."

"నువ్వు చిన్నప్పుడు మా పొయ్యి కాడ కూసొని ఎన్ని గువ్వలు కాల్చుకొని తిన్నవో ఏ బుక్కుల రాసినవు?"

నేను తల దించుకున్నాను.

"నా కండ్ల ముందట ఎన్ని గుట్టలు బోడి అయినయి. ఎన్ని చెట్లు లారీ ఎక్కినయి. ఆ చెట్ల మీద గూళ్లు ఎన్ని ఉండెనో ఎవలన్న లెక్కబెట్టిండ్రా? వాళ్ల చేతులకెళ్లి ఎవలన్న ఏమన్న గుంజుకున్నరా? పదేండ్ల పోరని చేతిలకెళ్లి మాత్రం గుంజుకున్నవు."

అంతే అని లేచి పోయాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. రెండేళ్లుగా వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం. నాలాంటి ఉపాధ్యాయ మిత్రులకు, మన గూడేల్లో చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందేమో అని రాస్తున్నాను.

మామ అడిగింది చిన్న ప్రశ్న కాదు. పెద్ద తప్పులకు శిక్ష లేనిచోట చిన్నవాడి తప్పును పట్టుకోవడం న్యాయమేనా? మన యువకులు ఈ మాట నాతో చాలాసార్లు అన్నారు. "అడవి అంతా పోతుంటే చూసినవాళ్లు ఒక పిట్ట దగ్గర మాకు నీతి చెబుతారా?" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. దసరా వస్తే కొన్నిచోట్ల పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, చూసినందుకు డబ్బులు తీసుకుంటారు. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దాన్ని చూస్తే శుభమని మొక్కేవాళ్లే దాని రెక్కలు కట్టించిన వాళ్లవుతున్నారు. ఆ మొక్కుకు భక్తి అని పేరు. మా పిల్లవాడి ఆకలికి మాత్రం నేరం అని పేరు.

అయినా, ఆ వాదనలో ఒక లోపం ఉంది. పక్కవాడి చేతిలో గొడ్డలి ఉందని నా చేతిలో రాయి మంచిది అయిపోదు. గువ్వ రెండే గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతు సంచిలో ఊరే పాలలాంటి మేత పట్టి పిల్లల్ని పెంచుతాయి. గూట్లో పిల్లలుంటే, రాయి తగిలింది ఒక్క గువ్వకే అయినా, అది ఆ గూటి మొత్తానికీ తగిలినట్టే. చంపింది లారీయా గులేరా అని గూట్లో ఉన్న పిల్ల అడగదు.

కాబట్టి చిన్న తప్పు కూడా తప్పే. కానీ మామ ప్రశ్న అక్కడితో అయిపోదు. తప్పును తప్పు అనే అర్హత ఎవరికి ఉంది, ఏ తీరుగా అనాలి అన్నది అసలు ప్రశ్న. ఇక్కడ నేను తప్పాను.

తప్పానని నాకు తెలిసింది ఇంకో పిల్లవాడి కథ చదివినప్పుడు. వందేళ్లకు పైగా కింద బొంబాయిలో సుమారు పదేళ్ల పిల్లవాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇది మామూలు పిచ్చుక కాదే, తినవచ్చా అని అనుమానం వచ్చి మేనమామను అడిగాడు. ఆయన పిల్లవాణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లర్డ్ అనే తెల్లదొర. ఆయన పిల్లవాణ్ణి తిట్టలేదు. అది ఏ పిట్టో చెప్పి, సొసైటీలో దాచిన పక్షుల అలమారలు తెరిచి ఒక్కొక్కటీ చూపించాడు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చాడు. ఆ పిల్లవాడే సలీం అలీ. భారతదేశపు పక్షుల గురించి ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియదని పేరు తెచ్చుకున్నాడు. 1931, 32లో నిజాం రాజ్యంలోని పక్షుల సర్వే చేసింది ఆయనే. మన కొత్తగూడెం, పాల్వంచ అప్పుడు నిజాం రాజ్యంలోవే. ఆ కథకు తన ఆత్మకథలో పెద్ద చోటిచ్చాడు. పుస్తకం పేరులో కూడా ఆ పిచ్చుకే ఉంది.

చచ్చిన పిట్టను చేతిలో పట్టుకొని ఒక పిల్లవాడు పెద్దవాడి దగ్గరికి వచ్చాడు. ఆ పెద్దవాడు అలమార తెరిచాడు. నా దగ్గరికీ అలాగే ఒక పిల్లవాడు వచ్చాడు. నేను గులేరు చెరువులో వేశాను. టీటీసీలో పిల్లల మనస్తత్వం గురించి ఎన్ని పాఠాలు రాశానో, అవన్నీ ఆ ఒక్క నిమిషంలో చెరువులో పడ్డాయి.

ఇంకో మాట. ఆ గులేరు నా మీద నాకే కోపం తెప్పించింది కనుక విసిరాను. నేను కూడా అలాంటి గులేరుతోనే పెరిగాను. చదువుకొని, చొక్కా టక్ చేసుకొని, సంతకం ఇంగ్లీషులో పెట్టడం నేర్చుకున్న తర్వాత, ఆ గులేరు నా పాత బీదతనంలా కనిపించింది. పక్షి మీద జాలి కొంత, నా గతం మీద సిగ్గు కొంత కలిసి వచ్చిన కోపం అది. దాన్ని అహింస అనుకున్నాను. మనలో చదువుకున్నవాళ్లు పిల్లలకు నీతి చెప్పే ముందు ఈ రెండింటినీ విడదీసి చూసుకోవాలి.

అయితే మన పెద్దలు అంతా సరిగ్గానే చేశారని, బడి వచ్చాకే మనం చెడిపోయామని కూడా నేను అనను. "ఆదివాసులు అడవిని ఎప్పుడూ కాపాడుకుంటూనే వచ్చారు" అని సభల్లో అంటాం. వినడానికి బాగుంటుంది. కానీ వేసవిలో భూమి పండుగ, మన మాటలో విజ్జ పండుమ్, చేసినప్పుడు మగవాళ్లు వేటకు పోవడం మనందరికీ తెలుసు. ఆడవాళ్లు దారి కాసి డబ్బులు అడిగి ఆడిపాడటం తెలుసు. అది చాలా పిట్టలు గూళ్లు పెట్టే కాలమే. మన సంప్రదాయంలో వేట ఉంది. లేదని చెబితే పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా.

వేటతో పాటు ఇంకొకటి కూడా ఉంది. అదే మన అసలు ఆస్తి అని నేను అనుకుంటాను. కొత్తల పండుగలు చూడండి. చెట్టు నిండా మామిడికాయలు వేలాడుతుంటాయి. పందిరి నిండా చిక్కుడు. చేయి చాపితే అందుతాయి. కానీ కొత్త పండుగ చేసి, వేల్పులకు, చనిపోయిన పెద్దలకు పెట్టే దాకా ముట్టరు. కాపలా లేదు. ముట్టినవాణ్ణి జైల్లో వేసేవాడు లేడు. ఆకలి ఉంది, కాయ ఉంది, చేయి ఉంది. అయినా చేయి ఆగుతుంది. గోత్రాన్ని బట్టి ఫలానా జీవిని తినకూడదన్న కట్టు కూడా ఇలాంటిదే. బయటివాడు ఆపితే ఆగిన చేయి వేరు. తనంతట తాను ఆగిన చేయి వేరు. చేతులు కట్టేసినవాణ్ణి చూసి వీడు ఎంత మంచివాడో అని ఎవరూ అనరు. గులేరు చేతిలో ఉండి కూడా ఆగినవాడే నిజంగా ఆగినవాడు.

ఇది పండుగకే చెల్లే మాట అనుకోవద్దు. మన దేశంలోనే, మనలాంటి ఆదివాసీ ఊళ్లోనే జరిగింది చెబుతాను. నాగాలాండ్‌లో వోఖా జిల్లా, పంగ్తి అనే ఊరు. లోథా నాగాలది. అక్కడ దోయాంగ్ నది మీద కట్టిన జలాశయం ఉంది, మన కిన్నెరసాని లాగా. పావురమంత ఉండే అమూర్ డేగలు ఏటా శీతాకాలం ముందు సైబీరియా తూర్పు నుంచి, ఉత్తర చైనా నుంచి బయలుదేరి ఆఫ్రికా దక్షిణం దాకా పోతూ, దారిలో ఆ జలాశయం దగ్గర గుంపులుగా దిగుతాయి. 2012లో అక్కడివాళ్లు చేపల వలలు చెట్ల మధ్య కట్టి వేలకు వేలు పట్టి అమ్మారు. బయటి ప్రపంచం తిట్టింది. తిట్టు ఒక్కటే అయితే ఏమయ్యేదో చెప్పలేం. కానీ 2013లో ఊరి పెద్దల మండలి కూర్చొని, ఇక పట్టకూడదని తామే కట్టుబాటు పెట్టుకుంది. ఆ ఏడు వలలు లేవలేదు. అప్పుడు దారి తెలుసుకోవడానికి మూడు డేగల వీపు మీద చిన్న యంత్రాలు కట్టి వదిలారు. వాటికి పెట్టిన పేర్లు నాగా, వోఖా, పంగ్తి. నిన్నటి దాకా పట్టుకు తిన్న పిట్టకు ఇవాళ తమ ఊరి పేరు. డబ్బు వచ్చే పని మానుకోవడం వాళ్లకు తేలిక కాలేదు. అయినా నిర్ణయం తమదైంది గనుకనే అది నిలిచింది.

చట్టం సంగతి కూడా చెప్పుకుందాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పోడు భూమి మీద, అటవీ ఫలాల మీద హక్కులు గుర్తించింది గానీ, వేటాడే, ఉచ్చులు పెట్టే సంప్రదాయ హక్కును మూడో సెక్షన్‌లోనే మినహాయించింది. మన యువకులు ఇక్కడి దాకా చదివి కోపంతో పుస్తకం మూసేస్తారు. ఇంకొంచెం ముందుకు చదవాలి. ఐదో సెక్షన్‌లో వన్యప్రాణుల్ని, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. చుట్టుపక్కల నీటి వనరులను కాపాడే అధికారమూ ఇచ్చింది. అంటే చట్టం మన చేతిలోని గులేరు తీసుకుంది. కానీ గొడ్డలిని ఆపే అధికారం కూడా మన చేతిలోనే పెట్టింది. మొదటిది మనకు గుర్తుంది. రెండోది మనం వాడటం లేదు. మామ అడిగిన "వాళ్ల చేతులకెళ్లి ఎవలన్న గుంజుకున్నరా?" అన్న మాటకు జవాబు అక్కడ ఉంది. గుంజుకోవాల్సింది మనమే, గ్రామసభలో కూర్చొని.

అయితే ఇక్కడా మనం పూర్తిగా ఒక పక్క నిలబడలేం. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి ఈ నేల కింది బొగ్గు దేశానికి వెలుగిస్తోంది. మా బడిలో ఫ్యాను కూడా కరెంటుతోనే తిరుగుతుంది. కిన్నెరసాని మీద ఆనకట్ట పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్ల కోసం కట్టింది. అదే నీళ్ల మీద ఇవాళ పక్షులు వాలుతున్నాయి. 1977లో ఆ చుట్టూ అడవిని అభయారణ్యం చేశారు. మంచీ చెడూ ఇలా ముడిపడి ఉన్నచోట "వాళ్లు చెడ్డ, మనం మంచి" అన్న పాఠం పిల్లలకు చెప్పలేం. లెక్కపెట్టడం మాత్రం నేర్పగలం. ఏముంది, ఏం పోయింది, ఎప్పుడు పోయింది అన్న లెక్క.

మర్నాడు నేను మామ ఇంటికి పోయాను. పిల్లవాడికి అందరి ముందు అవమానం చేశాను గనుక అందరి ముందే తప్పు ఒప్పుకుంటానని చెప్పాను. మామను చెరువు దగ్గరికి రమ్మన్నాను. వచ్చాడు. నేను ఒక గంటలో పదమూడు పిట్టల పేర్లు చెప్పగలిగితే, ఆయన కూర్చున్నచోటి నుంచి కదలకుండా ముప్పైకి పైగా చెప్పాడు. సగం కళ్లతో కాదు, చెవులతో. పిల్లలు కోయలో రాసుకున్నారు. "పిట్టె" అన్న మాట పక్కన అన్ని పేర్లు నేనూ ఎప్పుడూ రాయలేదు.

కట్ట కింద ఎండిన మట్టిలో ఒకచోటికి తీసుకుపోయి ఆగమన్నాడు. మాకు ఏమీ కనిపించలేదు. వేలు చూపించాక కనిపించాయి, గులకరాళ్లలో గులకరాళ్లలా నాలుగు తీతువు గుడ్లు. పైన తల్లి తండ్రి అరుస్తూ తిరుగుతున్నాయి. "ఎండ ముదిరితే ఇది చెరువుల కడుపు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూసుంటది. చల్లబెడతది" అన్నాడు. ఆ మాట నేను తర్వాత పుస్తకంలో చదివాను. ఆయన పుస్తకం చదవలేదు. "తీతువు అరిస్తే చావు వస్తుందంటారు కదా తాతా" అని ఒక పిల్ల అడిగింది. "పిల్లలున్న తల్లి అరవదా మరి?" అన్నాడు. తర్వాత తనంతట తానే అన్నాడు, "గుడ్ల మీద కూసున్నదాన్ని మా అయ్య కొట్టనిచ్చేటోడు కాదు." నేను చెప్పని పాఠం ఆయన చెప్పాడు. ఆయన నోటి నుంచి వచ్చింది గనుక అది వాళ్ల పాఠం అయింది.

మామ కొత్త గులేరు చెక్కాడు. అది నేనే పిల్లవాడి చేతికి ఇచ్చాను. "కొట్టాలా వద్దా నువ్వే ఆలోచించు. నేను గుంజుకోను" అన్నాను. ఆ తర్వాత వాడు పిట్ట జోలికే పోలేదని రాస్తే ఈ వ్యాసం అందంగా ముగుస్తుంది. కానీ ఆ వేసవి సెలవుల్లోనే ఒక కౌజుపిట్టను కొట్టాడు. వాడే వచ్చి చెప్పాడు. దాచలేదు. ఇప్పపూల కాలం మళ్లీ వచ్చేసరికి, చిన్న పిల్లలు రాళ్లు తీస్తుంటే "అక్కడ గూడు ఉంది, వద్దురా" అని ఆపుతున్నది వాడే.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఒకటుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. అప్పుడు మేమూ చెరువు దగ్గర లెక్క రాస్తాం. మిగతా కాలంలో నెలకొకసారి రాస్తాం. పోయిన ఏడు కట్ట వెడల్పు చేయడానికి చెట్లు కొట్టాలన్న మాట ఊళ్లో వచ్చింది. గ్రామసభకు పిల్లల నోటుబుక్కులు తీసుకుపోయాం. ఏ చెట్టు మీద ఏ పిట్ట, ఎన్ని గూళ్లు, ఏ నెలలో అన్నది చదివాం. ఆరు చెట్లలో రెండు పోయాయి. నాలుగు నిలిచాయి. బూరుగు చెట్టు నిలిచింది.

ఆ సభలో మామ వెనక వరసలో కూర్చున్నాడు. బయటికి వచ్చాక నా భుజం మీద చేయి వేసి, "ఇప్పుడు లెక్కబెట్టినవు అల్లుడూ" అన్నాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లవాడి చేతిలోని గులేరును గుంజుకోవడం ఒక్క నిమిషం పని. ఆ చేయి తనంతట తాను ఆగేలా చేయడానికి ఏళ్లు పడుతుంది. తాతల్ని బడికి పిలవండి. కోయ పేర్లు, కొండరెడ్ల పేర్లు, లంబాడీ పేర్లు పిల్లలతో రాయించండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పెద్ద తప్పును అడగడానికి మీకు హక్కు ఉంది, అధికారం ఉంది. మీ చేయి ఆగిన రోజున మీ గొంతుకు బలం వస్తుంది. ఈ వసంతంలో మీ ఊరి చెరువు దగ్గర ఏ పిట్టలు వాలాయో ముందు అది రాయండి. గ్రామసభలో మనల్ని ఎవరన్నా "లెక్క ఏది?" అని అడిగితే, చూపించడానికి మన చేతిలో ఆ నోటుబుక్కు ఉండాలి.